మోకాలి గుజ్జు చినిగిందన్నారా? ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు తెలుసుకోవలసినవి



మన ఆసుపత్రి ఓపీకి తరచుగా పెద్ద కవరు ఒకటి చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు ఉంటారు. అందులో ఖమ్మంలోనో, హైదరాబాదులోనో తీయించిన ఎమ్మారై ఫిల్ములుంటాయి. "సిస్టరమ్మా, మోకాలి గుజ్జు చినిగిందంట. ఆపరేషన్ చెయ్యాలంట. చేయించుకోమంటారా, వద్దంటారా?" అని అడుగుతారు. కొందరు అప్పటికే వడ్డీకి అప్పు మాట్లాడుకుని, ఇంకొందరు ఎద్దుల్ని బేరం పెట్టి వస్తారు.

ఆపరేషన్ అవసరమా కాదా అన్నది చెప్పవలసింది ఎముకల డాక్టరు గారు. నర్సుగా ఆ మాట నేను చెప్పను. అయితే కాలు మీది, కూలి పని మీది, కట్టవలసిన అప్పూ మీదే. అందుచేత నిర్ణయంలో మీ వంతు కూడా ఉంది. చాలామంది డాక్టరు గారి ముందు తల ఊపి బయటికొచ్చి, ఆయన ఏమన్నారో మమ్మల్ని అడుగుతారు. ఏం అడగాలో ముందే తెలిసి వెళ్తే లోపలే అడగవచ్చు.

గుజ్జు ఒకటి కాదు, రెండు

మనం గుజ్జు అని ఒకే మాట వాడతాం గాని మోకాలిలో ఆ పేరుతో పిలిచేవి రెండున్నాయి. చాలా గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది ఎముకల చివర అంటుకుని ఉండే నున్నటి పొర. కోడి కాలు ఎముక చివర తెల్లగా మెరుస్తూ ఉంటుంది చూడండి, అదే. వయసుతో పలచబడి గరుకుగా మారేది ఈ పొర. "గుజ్జు అరిగింది" అంటే సాధారణంగా దీని గురించే.

రెండోది మెనిస్కస్. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్తటి గట్టి దిండు. ప్రతి మోకాలిలో ఇవి రెండుంటాయి, లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి. పేపరు మిల్లులో పనిచేసే అన్నలకు వాషర్ అంటే వెంటనే అర్థమవుతుంది. రెండు ఇనుప భాగాల మధ్య వాషర్ చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది. నిటారుగా నిలబడినప్పుడు మోకాలి మీద పడే బరువులో సుమారు సగం ఈ దిండ్లే మోస్తాయి. మోకాలు బాగా మడిచినప్పుడు 85 శాతం దాకా వీటి మీదే పడుతుంది. గొంతుకు కూర్చుని కలుపు తీసేవాళ్ళకు, పీట వేసుకోకుండా వంట చేసేవాళ్ళకు మోకాళ్ళు ఎందుకు నొస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. "గుజ్జు చినిగింది" అన్నప్పుడు మాట్లాడేది ఈ దిండు గురించి.

మరో సంగతి కూడా తెలియాలి. పెద్దవాళ్ళలో ఈ దిండు బయటి అంచుకు మాత్రమే రక్తం అందుతుంది. లోపలి భాగానికి అందదు. రక్తం అందే చోట చినిగితే కుట్టు వేస్తే అతుక్కునే అవకాశం ఉంది. అందని చోట కుట్టు నిలవడం కష్టం. అక్కడైతే చినిగిన ముక్కను కత్తిరించి తీసేస్తారు. "ఆపరేషన్" అన్న ఒకే మాట కింద ఈ రెండూ ఉన్నాయి. రెంటికీ చాలా తేడా ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

దెబ్బకు చినిగిందా, అరుగుదలలో చినిగిందా?

కొత్త గుడ్డ మేకుకు తగులుకుంటే ఒకచోట సర్రున చినుగుతుంది. పాత చీర అలా కాదు, ఉతికి ఉతికి పోగులు విడిపోయి చీలుతుంది. కొత్త గుడ్డకు కుట్టు వేస్తే పట్టుకుంటుంది. పాత చీరకు ఇక్కడ కుడితే పక్కన చినుగుతుంది. మోకాలి దిండు కూడా అంతే.

కబడ్డీ ఆడుతూ కాలు నేలకు ఆనించి ఒళ్ళు తిప్పిన కుర్రవాడు, జామాయిల్ కర్ర లారీకి ఎత్తుతూ జారి మెలిపడినవాడు, దమ్ము చేసిన మడిలో పాదం కూరుకుపోయి పక్కకు పడినవాడు, వీళ్ళది దెబ్బ. ఏ రోజు, ఏ గంట అన్నది కూడా చెప్పగలరు. సాధారణంగా వాపు మర్నాటికి వస్తుంది. గంటా రెండు గంటల్లోనే మోకాలు కుండలా ఉబ్బితే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. అప్పుడు లిగమెంటు తెగడమో, ఎముక చిట్లడమో కూడా ఉండవచ్చు, అదే రోజు చూపించుకోవాలి. దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వెయ్యలేకపోతే ఎక్స్‌రే తప్పనిసరి.

నలభై ఐదు, యాభై దాటినవాళ్ళ సంగతి వేరు. "ఎప్పుడు మొదలైందమ్మా?" అంటే, "మిరప ఏరుడప్పటి నుంచి" అనో, "పోయిన తునికాకు సీజన్ నుంచి" అనో అంటారు. ఫలానా దెబ్బ అని ఉండదు. మెట్లు దిగుతుంటే నొప్పి, కూర్చుని లేస్తే నొప్పి, రాత్రి ఒక పక్కకు తిరిగితే నొప్పి. ఎమ్మారై తీస్తే మెనిస్కస్ చినిగిందని రాస్తారు. ఇది పాత చీర చినుగు. ఓపీకి ఆ పెద్ద కవరు తెచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఈ రకమే.

వీళ్ళు తప్పనిసరిగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 50 నుంచి 90 ఏళ్ళ మధ్య వయసున్న 991 మందికి, నొప్పి ఉన్నా లేకపోయినా చూడకుండా, మోకాలి ఎమ్మారై తీశారు. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. దిండు చినిగినట్టు కనిపించినవాళ్ళలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో మోకాలి నొప్పిగాని, బిగుతుగాని లేనేలేదు. అంటే వయసు మీద పడ్డాక చినుగు కనిపించడం తలలో తెల్ల వెంట్రుక కనిపించడం లాంటిది. మీ నొప్పికి కారణం అదే కావచ్చు, కాకపోనూవచ్చు. రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన ఎద్దుల్ని అమ్మనక్కరలేదు.

ఆపరేషన్ చేసినట్టు నటించి చూశారు

కత్తిరించే ఆపరేషన్ వల్ల ఈ రెండో రకం వాళ్ళకు మేలు ఎంత? ఈ ప్రశ్నకు ఫిన్లాండ్ డాక్టర్లు ఒక విచిత్రమైన పద్ధతిలో జవాబు వెతికారు. 35 నుంచి 65 ఏళ్ళ వయసులో, కీలు పెద్దగా అరగకుండా దిండు మాత్రం అరుగుదలతో చినిగిన 146 మందిని వాళ్ళ అనుమతితోనే తీసుకున్నారు. అందరినీ థియేటరులోకి తీసుకెళ్ళి, చిన్న రంధ్రం చేసి లోపల గొట్టంతో చూశారు. సగం మందికి చినిగిన ముక్క కత్తిరించారు. మిగతా సగం మందికి ఏమీ కత్తిరించకుండా, పరికరాలు అందుకుంటున్నట్టు, పని చేస్తున్నట్టు నటించి బయటికి పంపారు. ఎవరికి ఏది చేశారో రోగికి చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులవాళ్ళకూ నొప్పి బాగా తగ్గింది, సమానంగా తగ్గింది! 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ చూసినా కత్తిరించినవాళ్ళకు అదనపు మేలు ఏమీ కనబడలేదు.

థియేటరులో పనిచేసిన మాలాంటివాళ్ళకు ఇది జీర్ణించుకోవడం కష్టమే. ఆపరేషన్ అయ్యాక "నాకు తగ్గిందమ్మా" అని చేతులు పట్టుకున్నవాళ్ళను ఎందరినో చూశాం. వాళ్ళు చెప్పింది నిజమే, వాళ్ళకు తగ్గింది. కానీ విశ్రాంతి, ఆ తర్వాత చేసిన వ్యాయామం, గడిచిన కాలం, తగ్గుతుందన్న నమ్మకం, వీటి వల్ల కూడా అంతే తగ్గేదని ఆ పరీక్ష చెబుతోంది.

నార్వేలో 140 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు పన్నెండు వారాల వ్యాయామం ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత ఇద్దరి పరిస్థితీ ఒకటేనని 2016లో తేలింది. తొడ కండరాల బలం మాత్రం, కనీసం మొదటి నెలల్లో, వ్యాయామం చేసినవాళ్ళకే ఎక్కువ. అరుగుదల మోకాళ్ళకు ఇలా గొట్టం వేసి చేసే ఆపరేషన్ వద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, రోగులు కలిసి గట్టిగానే సలహా ఇచ్చారు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. 351 మందితో అమెరికాలో జరిగిన ఇలాంటి పరీక్షలో (ఇదీ 2013లోనే వచ్చింది) వ్యాయామం గుంపులో పడ్డవాళ్ళలో 30 శాతం మంది ఆరు నెలల్లోపే నొప్పి తగ్గలేదని ఆపరేషన్ చేయించుకున్నారు. కాబట్టి వ్యాయామం అందరికీ సరిపోదు. అయితే ముందు వ్యాయామం చేసి, తగ్గకపోతే తర్వాత ఆపరేషన్‌కు వెళ్ళినవాళ్ళు ఆగినందువల్ల నష్టపోలేదు. ఈ ఒక్క సంగతి మన రోగులకు పెద్ద ఊరట. ఇవాళ ఒప్పుకోకపోతే రేపు అవకాశం పోతుందన్న భయం ఈ రకం చినుగులో అక్కరలేదు.

గని కార్మికుడి మోకాలు

దిండు చినిగితే కుట్టడం కొత్త విద్య కాదు. 1883లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో థామస్ అనండేల్ అనే సర్జను మొదటిసారి దాన్ని కుట్టారు. ఆ రోగి ఒక గని కార్మికుడు. ఇరుకు సొరంగంలో మోకాళ్ళ మీద వంగి బొగ్గు తవ్వేవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువ. కొత్తగూడెం, మణుగూరు వైపు భూగర్భ గనుల్లో పనిచేసిన పెద్దల మోకాళ్ళు చూసినవాళ్ళకు ఇది వింతగా తోచదు.

ఆ తర్వాత చాలాకాలం డాక్టర్లు ఈ దిండును అవసరం లేని వస్తువుగా చూశారు. చినిగితే మొత్తం పీకి పారేసేవారు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ సర్జను, అలా తీసేసినవాళ్ళ ఎక్స్‌రేలు చూసి కీలు మారిపోతోందని, ఎముక చదునవుతోందని, సందు తగ్గుతోందని రాశారు. అయినా ఆ అలవాటు మానడానికి ఇంకా ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. వాషర్ తీసేసి యంత్రం నడిపితే ఏమవుతుందో మిల్లులో ఫిట్టరును అడిగినా చెప్పేవాడు! ఇప్పుడు మంచి సర్జను ఎవరైనా వీలైతే కుడతారు, లేదంటే చినిగినంత మేరకే తీస్తారు.

"పెద్ద పెద్ద ఆటగాళ్ళు చేయించుకోవడం లేదా?" అని కుర్రవాళ్ళు అడుగుతారు. చేయించుకుంటారు. మన పుల్లెల గోపీచంద్ గారికి 1994లో ఆటలో మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు అయ్యాక 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. కానీ తెగినది లిగమెంటు, అది వేరే జబ్బు, దాని లెక్క వేరు. హైదరాబాదులో ఆయన దగ్గర ఆడిన సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, 2017 ప్రపంచ పోటీల్లో కాంస్యం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం తెచ్చారు. అదే సైనా 2024లో తన మోకాలి గుజ్జు బాగా దెబ్బతిన్నదని, ఆర్థరైటిస్ వచ్చిందని తనే బయటికి చెప్పారు. అన్ని వసతులూ ఉన్నవాళ్ళకు కూడా ఆపరేషన్ మోకాలిని కొత్తది చేసి ఇవ్వలేదు. అదీకాక వాళ్ళ వెంట రోజంతా ఫిజియో ఉంటారు. మన తమ్ముడు మూడో వారానికే మూట ఎత్తాలి.

ఆలస్యం చెయ్యకూడనివి

ఇంతవరకు చదివి "అయితే ఆపరేషనే వద్దన్నమాట" అనుకోకండి. వెంటనే సర్జను దగ్గరికి వెళ్ళవలసినవి ఉన్నాయి.

మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం అన్నిటికన్నా ముఖ్యమైనది. నొప్పి వల్ల చాపలేకపోవడం వేరు. లోపల ఏదో అడ్డం పడినట్టు, తలుపు సందులో రాయి పడితే తలుపు మూసుకోనట్టు, ఎంత నొక్కినా కాలు నిటారుగా రాకపోవడం వేరు. చినిగిన దిండు బకెట్ కాడలా మడతపడి ఎముకల మధ్యకు వచ్చినప్పుడు ఇలా అవుతుంది. ఇది ఎక్కువగా పడుచువాళ్ళలో వస్తుంది. సకాలంలో వెళ్తే కుట్టి దిండును కాపాడగలరు. నెలల తరబడి దాని మీద నడిస్తే ముక్క నలిగిపోయి కుట్టడానికి పనికిరాకుండా పోతుంది. కాలు లాగించడం, తిప్పించడం, తొక్కించడం ఎవరిచేతా చేయించవద్దు.

రెండోది మన ఆడవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. నలభై ఐదు దాటిన మనిషి గొంతుకు కూర్చుని లేస్తుండగానో, మెట్టు దిగుతుండగానో మోకాలి వెనక టప్‌మని శబ్దం వచ్చి, ఆ రోజు నుంచి అడుగు వెయ్యలేనంత నొప్పి పట్టుకుంటే, దిండు ఎముకకు అంటుకునే వేరు దగ్గర ఊడిందేమో చూడాలి. దీన్ని రూట్ టేర్ అంటారు. వయసులో పాత చీర చినుగులాగే కనిపిస్తుంది గాని, దీని తీరు వేరు. వేరు ఊడితే దిండు మొత్తం పనిచెయ్యడం మానేసి పక్కకు జరిగిపోతుంది, కీలు త్వరగా అరుగుతుంది. ఇంకా బాగా ఉన్న మోకాలైతే దీన్ని తిరిగి కుట్టమని చాలామంది సర్జన్లు చెబుతారు. రిపోర్టులో "రూట్" అన్న మాట ఉందా అని తప్పకుండా అడగండి.

మూడోది, మోకాలు ఎర్రగా, వేడిగా ఉండి జ్వరం కూడా ఉంటే అది చీము కావచ్చు. దానికి ఈ వ్యాసం చదువుతూ కూర్చోవద్దు, రాత్రయినా క్యాజువాలిటీకి రండి.

మరి ఇరుక్కుపోని, దెబ్బకు చినిగిన కుర్రవాళ్ళ సంగతి? డెన్మార్క్‌లో 18 నుంచి 40 ఏళ్ళ వాళ్ళు 121 మందితో చేసిన పరీక్ష 2022లో వచ్చింది. మొదటే ఆపరేషన్ చేసినవాళ్ళూ, ముందు వ్యాయామం చేసి అవసరమైతేనే ఆపరేషన్‌కు వెళ్ళినవాళ్ళూ ఏడాదికి ఇంచుమించు ఒకేలా ఉన్నారు. వ్యాయామం గుంపులో సుమారు నాలుగో వంతు మంది తర్వాత ఆపరేషన్ చేయించుకున్నారు. కాని ఇక్కడ నేను కొంచెం జాగ్రత్తగానే మాట్లాడతాను. మోకాలు ఇరుక్కుపోయినవాళ్ళు ఆ పరీక్షలో లేరు. రక్తం అందే అంచున పొడుగ్గా చినిగి, కుట్టడానికి వీలుగా ఉందని సర్జను చెబితే, పడుచు వయసులో ఆ దిండును కాపాడుకోవడమే మంచిది. ఇలాంటి చోట ఇంకో డాక్టరు గారి అభిప్రాయం కూడా తీసుకోండి. అందులో మొదటి డాక్టరు గారికి అవమానం ఏమీ లేదు.

మూడు నెలలు అంటే ఏం చెయ్యాలి?

"వ్యాయామం చెయ్యండి" అంటే మనవాళ్ళు నవ్వుతారు. "పొద్దున్నుంచి పొలంలో చేసేది వ్యాయామం కాదా సిస్టరమ్మా?" కాదు. పొలం పనిలో వంగడం, గొంతుకు కూర్చోవడం, బరువు మొయ్యడం ఉంటాయి. మోకాలిని పట్టి ఉంచే తొడ ముందు కండరానికి, పిరుదు కండరానికి కావలసిన బలం వాటితో రాదు. నొప్పి ఉన్న కాలి తొడను, బాగున్న కాలి తొడను టేపుతో కొలిస్తే చాలాసార్లు తేడా కనిపిస్తుంది.

మొదట మంచం మీద కాలు చాపి కూర్చోండి. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని మంచానికేసి నొక్కండి. తొడ బిగుసుకోవాలి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా పది సార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, నొప్పి ఉన్న కాలును నిటారుగా జానెడు ఎత్తు లేపి, ఐదు లెక్కపెట్టి నెమ్మదిగా దించండి. ఇదీ పది సార్లు. రెండు వారాలు ఇవి రోజూ రెండు పూటలా చేస్తే తర్వాతవి చెయ్యగలుగుతారు. గడప పట్టుకుని నిలబడి, మోకాళ్ళు కొద్దిగా, పావు వంతు మాత్రమే మడిచి లేవడం. అరుగు మెట్టు ఒకటి ఎక్కి దిగడం. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవడం. సైకిలుంటే సీటు ఎత్తుగా పెట్టుకుని తొక్కడం. బలం పెంచేవి వారంలో రెండు మూడు రోజులు గట్టిగా, కనీసం పన్నెండు వారాలు చెయ్యాలి. పది రోజులు చేసి "తగ్గలేదు" అని మానేస్తే చెయ్యనట్టే లెక్క.

కొంచెం నొప్పి వస్తుంది, భయపడకండి. మర్నాడు పొద్దుటికి మామూలైతే సరిగ్గా చేస్తున్నట్టు. మోకాలు వాస్తే ఆ మోతాదు ఎక్కువైనట్టు, రెండు రోజులు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి.

పని మానమని నేను చెప్పను, చెప్పినా మీరు మానలేరు. పనిచేసే తీరు మాత్రం మార్చవచ్చు. గొంతుకు కూర్చోవడానికి బదులు ఎత్తు పీట వేసుకోండి. తునికాకు కట్టలు కట్టేటప్పుడు నేల మీద కాకుండా మంచం మీదో, మొద్దు మీదో కూర్చోండి. కల్లానికి మోసే మూటను రెండు చేసి రెండుసార్లు తీసుకెళ్ళండి. మరుగుదొడ్డిలో మధ్యలో రంధ్రమున్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటే కొన్నాళ్ళలోనే తేడా తెలుస్తుంది. ఒళ్ళు బరువున్నవాళ్ళు నాలుగైదు కిలోలు తగ్గినా మోకాలికి సుఖమే.

ప్రార్థనలో మోకరించలేకపోతున్నామని బాధపడే తల్లులు చాలామంది ఉన్నారు. దిగులు పడకండమ్మా, ఈ మూడు నెలలు బల్ల మీద కూర్చుని ప్రార్థించండి. దేవుడు హృదయాన్ని చూస్తాడు గాని మోకాళ్ళను లెక్కపెట్టడు.

నొప్పి మాత్రల గురించి ఒక మాట. డాక్టరు గారు రాసినన్ని రోజులు వాడవచ్చు. కొట్లో రంగు రంగు మాత్రలు పొట్లం కట్టించుకుని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు ఇంకా ప్రమాదం. పేరు చెప్పకుండా మోకాల్లో వేసే ఇంజెక్షన్లు తరచుగా స్టెరాయిడ్లే అయి ఉంటాయి. డాక్టరు గారు చూసి ఒకసారి వెయ్యడం వేరు, నెలనెలా వేయించుకోవడం వేరు, అలా చేస్తే ఉన్న గుజ్జు కూడా పాడవుతుంది. పసరు కట్టు లోపలి దిండును అతికించలేదు. పైగా కట్టు కింద పుండు పడితే, రేపు నిజంగా ఆపరేషన్ అవసరమైనప్పుడు సర్జను కత్తి పెట్టలేరు.

ఆపరేషనే అనుకుంటే

మొదట అడగవలసింది, "కుడతారా, కత్తిరిస్తారా?" అని. రెండింటికీ రెండు చిన్న రంధ్రాలే, రెండింటికీ నడుముకు మత్తు ఇంజెక్షనే చాలాసార్లు. ఇంటికి వెళ్ళాక మాత్రం చాలా తేడా. కత్తిరిస్తే అదే రోజో మర్నాడో నడిపిస్తారు, రెండు వారాల్లో ఇంటి పనులు చేసుకోవచ్చు, బరువు పనికి నెలా నెలన్నర పడుతుంది. కుడితే నాలుగు నుంచి ఆరు వారాలు కర్రల సాయంతో, పట్టీ వేసుకుని ఉండాలి. మూడు నాలుగు నెలలు గొంతుకు కూర్చోకూడదు. బరువు పని, కబడ్డీ ఐదారు నెలల తర్వాతే. జూన్‌లో కుట్టించుకుని జూలైలో నాట్లకు దిగితే కుట్టు తెగుతుంది, పెట్టిన ఖర్చంతా మడిలో కలిసిపోతుంది. అందుచేత కుట్టే ఆపరేషన్ అయితే, ఆ నెలల్లో ఇంట్లో ఎవరు సంపాదిస్తారో ముందే కూర్చుని మాట్లాడుకోండి. (మోకాలు ఇరుక్కుపోయినప్పుడు మాత్రం సీజన్ చూసుకోవడం కుదరదు.)

ఇంకా అడగండి. "మూడు నెలలు ఆగితే నాకు నష్టం ఏమిటి?" "ఎముక మీది పొర ఎంత అరిగింది?" పొర బాగా అరిగిన మోకాలిలో దిండు ముక్క కత్తిరించినా నొప్పి పోదు. "తర్వాత ఫిజియోథెరపీ ఎక్కడ, ఎన్నాళ్ళు?" ఖర్చు ఎంత అని అడగడానికి మొహమాటపడవద్దు. ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్ళు ఆ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, మీ ఆపరేషన్ పేరు చెప్పి, జాబితాలో ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే తెలుసుకోండి. కుక్కునూరు, వేలేరుపాడు వైపు నుంచి వచ్చేవారు 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు కాబట్టి వాళ్ళ పథకం వేరు, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. తెలంగాణ ఆసుపత్రిలో ఆ కార్డు చెల్లుతుందో లేదో ముందే కనుక్కుంటే, తీరా మంచం మీద పడుకున్నాక డబ్బు కోసం పరుగెత్తే పని ఉండదు.

షుగరు అదుపులో లేకపోతే తగ్గించుకున్నాకే ఆపరేషన్. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి దాచవద్దు. ఆపరేషన్ తర్వాత జ్వరం, రంధ్రాల దగ్గర చీము, పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది వచ్చినా వెంటనే రావాలి. పిక్కలో రక్తం గడ్డకట్టడం అరుదు గాని, అది ఊపిరితిత్తికి చేరితే ప్రాణానికే ముప్పు.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఫిల్ముల కవరుతోపాటు పాత మందుల చీటీలు, వాడుతున్న మాత్రల ఖాళీ రేకులు కూడా తెచ్చుకోండి. కాలు మెలిపడిన రోజు ఏం చేస్తున్నారో, పాదం ఎటు తిరిగిందో డాక్టరు గారికి నిలబడి చేసి చూపించండి. మోకాలి పైదాకా సులువుగా ఎత్తగలిగే బట్టలు వేసుకుని రండి. వ్యాయామాలు ఎలా చెయ్యాలో మా ఫిజియోథెరపీ గదిలో మొదటి రోజు దగ్గరుండి చేయించి చూపిస్తారు, తోడు వచ్చినవాళ్ళు కూడా చూసి నేర్చుకోండి.